రెండో కీమో అన్నారు, నాన్నగారు వద్దంటున్నారు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి 71 ఏళ్ళు, రిటైరైన లెక్కల మాస్టారు, పదేళ్ళుగా షుగరు. 2022లో నడుం నొప్పని వెళితే ప్రోస్టేట్ క్యాన్సర్ అనీ, అప్పటికే ఎముకలకు పాకిందనీ తేలింది. మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజక్షను, దాంతోపాటు డోసిటాక్సెల్ కీమో ఆరు సైకిళ్ళు, అంటే ఆరు విడతలు. ఆ తర్వాత ఏడాదిన్నర బాగున్నారు. పీఎస్ఏ, అంటే ఈ క్యాన్సర్ జోరు తెలిపే రక్త పరీక్ష అంకె, మళ్ళీ పెరిగితే అబిరాటెరోన్ మాత్రలు ఇచ్చారు, అవి పది నెలలు పనిచేశాయి. ఇప్పుడు పీఎస్ఏ 9 నుంచి 84కి వెళ్ళింది. స్కానులో తుంటి ఎముకలోనూ పక్కటెముకల్లోనూ కొత్త మచ్చలు కనిపించాయి. కుడి తుంటి నొప్పికి రాత్రిళ్ళు నిద్ర లేదు. డాక్టరుగారు కెబాజిటాక్సెల్ అనే రెండో కీమో ఇద్దామన్నారు. నాన్నగారేమో "మళ్ళీ ఆ సెలైన్లు నావల్ల కాదు" అంటున్నారు. అమ్మగారు చేయిద్దామంటున్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు ఇంకేదైనా మాత్ర లేదా అని రోజూ ఫోన్ చేస్తున్నాడు.

ఈ వయసులో తట్టుకుంటారా, మొదటిసారి పడ్డంత బాధా పడాలా, మాత్ర మారిస్తే సరిపోదా, చేయించకపోతే ఏమవుతుంది అని అడిగారు. అన్నిటికీ చెబుతాను. కానీ మీరు చివర్లో, పెద్దగా పట్టించుకోకుండా, ఒక మాట రాశారు: "నాన్నకి ఇది నయమైపోతుందనే చెప్పాం" అని. నేను అక్కడి నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇరవై ఆరేళ్ళుగా క్యాన్సర్ వార్డులోనే ఉన్నాను. ముందు కొడుకో కూతురో ఒక్కరే గదిలోకి వచ్చి "నాన్నకి చెప్పకండి సార్, తట్టుకోలేరు" అనేసి, తర్వాత ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకురావడం వారంలో చాలాసార్లు చూస్తాను. ఆ మాట వెనక ఎంత ప్రేమ ఉంటుందో తెలుసు కాబట్టి వాళ్ళని ఎప్పుడూ విసుక్కోలేదు. మొదటి కీమో అప్పుడు ఆ దాపరికం ఎలాగో గడిచిపోతుంది. మందు చాలామందికి బాగానే పనిచేస్తుంది, నొప్పి తగ్గుతుంది, మనిషి లేచి తిరుగుతాడు, అబద్ధం నిజంలాగే కనిపిస్తుంది. రెండో కీమో దగ్గరికొచ్చేసరికి అది తిరగబడుతుంది. నయమవుతుందని విన్న మనిషి, ఆరు సైకిళ్ళు భరించిన మనిషి, మళ్ళీ కీమో అనగానే ఏమనుకుంటారు? మొదటిది దండగైంది, ఇదీ అంతే అనుకుంటారు. నాన్నగారి "వద్దు"లో సగం అదే అని నా అనుమానం. లెక్కల మాస్టారికి లెక్క సగమే ఇచ్చి జవాబు అడుగుతున్నారమ్మా.

చెప్పమంటే అన్నీ ఒక్కసారి గుమ్మరించమని కాదు. ముందు ఆయన్నే అడగండి: "నాన్నా, ఈ జబ్బు గురించి నీకేం అనిపిస్తోంది?" అని. అడిగాక మీరు ఊరుకోవాలి, ఆయన మాట్లాడేదాకా. చాలామంది పెద్దవాళ్ళకి తెలిసే ఉంటుంది. "అడిగితే పిల్లలు ఏడుస్తారని నేనే అడగట్లేదు డాక్టరుగారూ" అని నాతో అన్నవాళ్ళు ఒకరిద్దరు కాదు. ఆ తర్వాత మామూలు మాటల్లోనే చెప్పొచ్చు: "ఇది పూర్తిగా పోయేది కాదట నాన్నా. నీ షుగరులాగే అదుపులో పెట్టుకుంటూ రావాలట. ఇన్నాళ్ళు వాడిన మందులకి అది అలవాటు పడిపోయింది. ఇంకో మందు ఉంది, నొప్పి తగ్గించి కొన్ని నెలలు నిలబెట్టే అవకాశం ఉందంటున్నారు. తీసుకోవాలా వద్దా నువ్వే చెప్పు." ఎంతకాలం అని ఆయన అడిగితే దాటెయ్యకండి, డాక్టరుగారిని ఆయన ఎదుటే అడగండి. అడగకపోతే మీరు చెప్పక్కర్లేదు. రెండింట్లో ఏది చేసినా ఆయన వేగాన్ని బట్టి వెళ్ళండి.

ఇక మందు సంగతి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి మగ హార్మోనే మేత అని 1941లో చార్లెస్ హగిన్స్ చూపించాడు, అందుకే 1966లో నోబెల్ వచ్చింది. నాన్నగారు మూడు నెలలకోసారి తీసుకునే ఇంజక్షను ఆ మేతని ఆపడానికే. కొన్నాళ్ళకి క్యాన్సర్ కణాలు అతి తక్కువ హార్మోనుతోనే బతకడం నేర్చుకుంటాయి, కొన్ని తమలోనే తయారుచేసుకుంటాయి. అబిరాటెరోన్ ఆ తయారీని ఆపుతుంది. అదీ దాటేశాక, ఇప్పుడున్న దశ వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: కీమో మొదలవుతోంది కదా అని ఆ మూడు నెలల ఇంజక్షను మానెయ్యకూడదు. దానికి లొంగే కణాలు ఇంకా లోపల ఉంటాయి. కీమో హడావిడిలో ఆ ఇంజక్షను తేదీ మర్చిపోయిన కుటుంబాలను చూశాను.

తమ్ముడు అడుగుతున్న మాత్ర బహుశా ఎంజాలుటమైడ్ అయ్యుంటుంది. మంచి మందే. కానీ అదీ అబిరాటెరోనూ ఒకే దారిని వేర్వేరు చోట్ల మూసేవి. ఒకదాన్ని దాటిన జబ్బు రెండోదాన్నీ చాలాసార్లు తొందరగా దాటేస్తుంది. ఈ ప్రశ్న మీదే ఐరోపాలో కార్డ్ అనే ట్రయల్ చేశారు, 2019లో ఫలితాలు వచ్చాయి. అందులో ఉన్న 255 మందీ దాదాపు నాన్నగారి పరిస్థితిలో ఉన్నవాళ్ళే: డోసిటాక్సెల్ అయిపోయింది, ఒక హార్మోన్ మాత్ర ఏడాదిలోపే విఫలమైంది. సగం మందికి కెబాజిటాక్సెల్, సగం మందికి రెండో హార్మోన్ మాత్ర ఇచ్చారు. స్కానులో జబ్బు ముదరకుండా ఉన్న కాలం కీమోతో 8 నెలలు, మాత్రతో 3.7 నెలలు. బతికిన కాలం 13.6 నెలలు, 11 నెలలు. నొప్పి బాగా తగ్గినవాళ్ళు కీమోలో 45 శాతం, మాత్రలో 19 శాతం. మాత్ర తేలిక కదా అని అందరూ అనుకుంటారు, కానీ నొప్పి దగ్గర కీమోయే మెరుగ్గా నిలిచింది. తమ్ముడికి ఈ అంకెలు పంపండి.

ఈ అంకెలు చూసి గుండె జారనివ్వకండి, అలాగని చిన్నచూపూ చూడకండి. 13.6 నెలలంటే, అందరినీ బతికిన కాలం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి లెక్క. సగం మంది అంతకంటే ఎక్కువే బతికారు, కొందరు చాలా ఎక్కువ. నాన్నగారు ఆ వరసలో ఎక్కడ ఉంటారో ఏ డాక్టరూ ముందుగా చెప్పలేడు.

కెబాజిటాక్సెల్ కూడా డోసిటాక్సెల్ లాగే యూ అనే చెట్టు ఆకుల నుంచి తీసిన పదార్థంతో తయారవుతుంది. కణం రెండుగా చీలే పనికి అడ్డుపడుతుంది. డోసిటాక్సెల్‌ని కొన్ని క్యాన్సర్ కణాలు లోపలికి వచ్చింది వచ్చినట్టే బయటికి తోడేస్తాయి, వాటి గోడలో ఒక పంపు ఉంటుంది. ఆ పంపుకి అంత తేలిగ్గా చిక్కని విధంగా కెబాజిటాక్సెల్‌ని రూపొందించారు. అందుకే మొదటి కీమో ఇక పనిచేయదన్నవాళ్ళలో కూడా ఇది పనిచేస్తుంది. 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది.

తట్టుకుంటారా అంటే, చాలావరకు అది డోసు మీదా ముందు జాగ్రత్త మీదా ఉంటుంది. మొదట్లో శరీర విస్తీర్ణం చదరపు మీటరుకి 25 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చేవాళ్ళం. తెల్లకణాలు దారుణంగా పడిపోయేవి. తర్వాత 1,200 మందితో 25ని 20తో పోల్చి చూస్తే, బతికే కాలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు కానీ, తెల్లకణాలు పడిపోయి జ్వరం రావడం 9 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది. ఫ్రాన్స్, జర్మనీల్లో 65 దాటినవాళ్ళలో ఇంకో పద్ధతి చూశారు: రెండు వారాలకోసారి 16 మిల్లీగ్రాములు, దాంతో తెల్లకణాలు పెంచే ఇంజక్షను. మూడు వారాలకోసారి 25 ఇచ్చినవాళ్ళలో 62 శాతానికి తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతే, ఈ పద్ధతిలో 5 శాతానికే. నాన్నగారి వయసుకి 20 డోసైనా, ఈ రెండు వారాల పద్ధతైనా బాగానే ఉంటుంది. "ఏ డోసు సార్? కౌంట్స్ పెంచే ఇంజక్షను మొదటి సైకిల్ నుంచే ఇస్తారా?" అని మీ డాక్టరుగారిని నేరుగా అడగండి. వయసు 65 దాటితే మొదటి సైకిల్ నుంచే ఆ ఇంజక్షను ఉండాలి. కీమో అయిన 24 గంటలు దాటాకే ఇస్తారు, దాంతో రెండు మూడు రోజులు నడుమూ ఎముకలూ సలుపుతాయి. జబ్బు పెరిగిందేమో అని కంగారుపడతారు, ఎముక మజ్జ తెల్లకణాలు తయారుచేస్తున్నందువల్ల వచ్చే నొప్పి అది.

మొదటిసారి పడ్డ బాధ గురించి. డోసిటాక్సెల్‌కి నాన్నగారి జుట్టంతా పోయిందనీ, గోళ్ళు నల్లబడి ఊడాయనీ, కాళ్ళ తిమ్మిర్లు ఇంకా ఉన్నాయనీ రాశారు. ఈ మందుతో ఆ మూడూ తక్కువ. జుట్టు పల్చబడొచ్చు, చాలామందికి పూర్తిగా ఊడదు. తిమ్మిర్లు కొత్తగా రావడం తక్కువే, కానీ షుగరు వల్ల ఇప్పటికే ఉన్నవాటి మీద కన్నేసి ఉంచాలి. చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నారా, చెప్పు కాలి నుంచి జారినా తెలియట్లేదా అని చూడండి, తెలిస్తే ఆ విజిట్‌లోనే చెప్పండి. దీనితో ఎక్కువగా వచ్చేవి విరేచనాలు, నీరసం, ఎప్పుడైనా మూత్రంలో రక్తం. విరేచనాలు రోజుకి నాలుగు దాటితే "అదే తగ్గుతుందిలే" అని కూర్చోకండి. ఓఆర్ఎస్, మజ్జిగ, గంజి తాగిస్తూ, డాక్టరుగారు ముందే రాసిచ్చిన మాత్ర వెయ్యాలి. ఆగకపోతే ఆ పూటే ఆసుపత్రికి. ఈ వయసులో ఒంట్లో నీరు ఒక్కరోజులో పోతుంది, దాంతో కిడ్నీలు దెబ్బతింటాయి.

కీమో రోజు అంత పెద్దదేమీ కాదు. ముందు రక్త పరీక్ష, కౌంట్లు సరిపోతే ఎలర్జీ రాకుండా ఇంజక్షన్లు, తర్వాత గంటసేపు సెలైన్‌లో మందు. మొదటి పది నిమిషాలు దగ్గరే ఉండండి. ముఖం ఎర్రబడినా, గుండె పట్టేసినట్టున్నా, ఊపిరి అందకపోయినా వెంటనే సిస్టర్‌ని పిలవాలి, మందు ఆపి సర్దుతారు. రోజూ వేసుకునే ప్రెడ్నిసొలోన్ 10 మిల్లీగ్రాములు కొనసాగుతుంది. స్టెరాయిడ్ వల్ల షుగరు పెరుగుతుంది, కీమో రోజు ఇచ్చే డోసుతో మరీ. మూడు రోజులు మధ్యాహ్నం, రాత్రి చూసుకోండి. షుగరు డాక్టరుకి కీమో తేదీ ముందే చెప్పి ఉంచండి. ప్రెడ్నిసొలోన్‌ని మాత్రం ఎవరూ సొంతంగా హఠాత్తుగా ఆపకూడదు.

ఇప్పుడు ఒక్క విషయం కొంచెం నెమ్మదిగా చదవండి.

2009లో మా పెదనాన్నకి ఇదే జబ్బుకి డోసిటాక్సెల్ నడుస్తోంది. ఊళ్ళో ఉండేవారు. రెండో సైకిల్ అయిన తొమ్మిదో రోజు, రాత్రి పదకొండింటికి చలి పుట్టింది. పెదమ్మ పారాసెటమాల్ ఇచ్చింది, దుప్పటి కప్పింది, జ్వరం దిగింది, ఇద్దరూ పడుకున్నారు. పొద్దున్న ఆరింటికి మళ్ళీ వణుకు. దగ్గర్లో ఉన్న ఒక నర్సింగ్ హోముకి తీసుకెళ్తే వైరల్ అని చెప్పి సెలైన్ పెట్టి బీ కాంప్లెక్స్ ఎక్కించారు. కీమో తీసుకుంటున్న మనిషని పెదమ్మ చెప్పింది కూడా. నాకు ఫోను వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. నేను వెళ్ళేసరికి బీపీ 70, మాట తడబడుతోంది, తెల్లకణాలు మొత్తం 400. పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నారు. బతికారు, కానీ ఆ తర్వాత ఎప్పుడూ చేను గట్టు దాకా ఒంటరిగా నడవలేకపోయారు. ఎందుకు ఫోన్ చెయ్యలేదంటే, "పొద్దున్నే డ్యూటీ కదా, నీ నిద్ర చెడగొట్టడం ఎందుకని" అంది పెదమ్మ. జ్వరం వస్తే ఏం చెయ్యాలో పెదనాన్నకి నేను చెప్పాను. పెదమ్మకి చెప్పలేదు. రాత్రి పూట మేలుకునేది ఆవిడ.

అందుకని ఇది మీకే కాక అమ్మగారికీ చెప్పండి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి. ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉండాలి. 100.4 దాటితే, లేదా జ్వరం లేకపోయినా వణుకు వస్తే, అది అర్ధరాత్రైనా, పండగైనా, ఆసుపత్రికి వెళ్ళాలి. పారాసెటమాల్ ఇచ్చి తగ్గుతుందేమో చూడకూడదు, అది జ్వరాన్ని దాచేస్తుంది కానీ ఇన్‌ఫెక్షన్‌ని తగ్గించదు. స్టెరాయిడ్ కూడా జ్వరాన్ని దాస్తుంది, కాబట్టి "ఏదో తేడాగా ఉన్నారు" అని అమ్మగారికి అనిపిస్తే అదే చాలు. కీమో అయిన వారం నుంచి రెండు వారాల మధ్య మరీ జాగ్రత్త. ఎమర్జెన్సీలో మొట్టమొదటి మాట "కీమో అయి ఇన్ని రోజులు, జ్వరం" అని ఉండాలి. రక్తం తీసి, గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. కీమో ఫైలు, వాడే మందుల చీటీ ఒక సంచిలో పెట్టి తలుపు పక్కన ఉంచండి. రాత్రి వెళ్ళడానికి ఏ ఆసుపత్రి, ఏ బండి, ఎవరు తోడు అన్నది మొదటి సైకిల్ కంటే ముందే అనుకోండి. మీరుండే చోటు నుంచి కీమో ఇచ్చే ఆసుపత్రి మూడు గంటల దూరం అన్నారు కాబట్టి, దగ్గర్లో ఐసీయూ ఉన్న ఆసుపత్రి ఒకటి చూసి, మీ డాక్టరుగారి చేత అక్కడికి ఒక ఉత్తరం రాయించుకోండి.

ఎముకల్లో జబ్బు ఉంది కాబట్టి ఇంకొకటి కూడా అర్ధరాత్రి లెక్కే. వెన్నులో కొత్తగా నొప్పి, కాళ్ళు బరువెక్కడం, మెట్లెక్కలేకపోవడం, మూత్రం ఆగిపోవడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం. వెన్నుపాము నలుగుతోందని అర్థం. ఆ రోజే ఎమ్మారై, స్టెరాయిడ్, రేడియేషనో ఆపరేషనో. నడుస్తూ వచ్చినవాళ్ళని నడిపించగలం, కాళ్ళు పడిపోయి రెండు రోజులయ్యాక వచ్చినవాళ్ళని మళ్ళీ నడిపించడం చాలా కష్టం.

ఎముకల బలానికి జోలెడ్రోనిక్ యాసిడో డెనోసుమాబో ఇస్తుంటే, ముందు పళ్ళ డాక్టరుకి చూపించండి. పీకాల్సిన పన్ను ఉంటే ముందే పీకించాలి, తర్వాత పీకిస్తే దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది.

తిండి దగ్గర మన ఇళ్ళలో పథ్యం ఎక్కువ. ఇది తినకూడదు, అది వేడి, తీపి తింటే క్యాన్సర్ పెరుగుతుంది అంటూ మనిషిని ఎండగట్టేస్తారు. నాన్నగారికి ఇప్పుడు మాంసకృత్తులు కావాలి: గుడ్డు, పప్పు, పెరుగు, చేపో కోడో తినేవాళ్ళైతే అవి. షుగరు ఉంది కాబట్టి తీపి తగ్గించడం దాని కోసం. అప్పుడే వండినవి, వేడిగా. కౌంట్లు తగ్గే రోజుల్లో పచ్చివి, బయటి తిండి, కొత్తిమీర పచ్చడిలాంటి ఉడకనివి వద్దు. పసరు మందులు, ఎవరో చెప్పిన పొడులు మాత్రం ఆపేయండి. ఈ మందుని లివర్ ఒక ఎంజైమ్‌తో విరిచేస్తుంది. ఆ ఎంజైమ్‌కి అడ్డుపడేవి ఏవైనా తింటే కెబాజిటాక్సెల్ ఒంట్లో ఎక్కువై విషమవుతుంది. ఫంగస్‌కి వాడే కొన్ని మాత్రలూ అలాగే చేస్తాయి, కాబట్టి ఏ డాక్టరు ఏ మాత్ర రాసినా కీమో డాక్టరుకి చూపించాకే.

మిగతా దారులు మూడున్నాయి, మీ డాక్టరుగారిని అడిగి చూడండి. ఒకటి, జన్యు పరీక్ష. శరీరమంతా పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్ళలో సుమారు 12 శాతం మందిలో పుట్టుకతో వచ్చిన జన్యు లోపం కనిపిస్తుంది, అందులో ముఖ్యమైనది బీఆర్‌సీఏ2. అది ఉంటే ఒలాపరిబ్ అనే మాత్ర పనిచేయొచ్చు. అప్పుడు "ఇంకేదైనా మాత్ర లేదా" అన్న తమ్ముడి ప్రశ్నకి ఒక అర్థం ఉంటుంది. ఈ పరీక్ష మీకోసం కూడా అమ్మా. నాన్నగారిలో ఉంటే మీకూ తమ్ముడికీ రావడానికి సగానికి సగం అవకాశం. ఆడవాళ్ళకి అది రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు. రెండోది, పీఎస్ఎంఏ పెట్ స్కాన్‌లో (ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీది ఒక ప్రోటీన్‌ని వెతికే స్కాన్) మచ్చలన్నీ బాగా వెలిగితే లుటీషియం చికిత్స, అంటే ఆ కణాలకే అంటుకుని లోపలి నుంచి రేడియేషన్ ఇచ్చే ఇంజక్షను. ఆస్ట్రేలియాలో దీన్ని కెబాజిటాక్సెల్‌తో పక్కపక్కనే పోల్చారు. పీఎస్ఏ సగానికి పడినవాళ్ళు లుటీషియంతో 66 శాతం, కీమోతో 37 శాతం. బతికిన కాలం మాత్రం రెండిట్లోనూ ఒకటే. దుష్ప్రభావాలు లుటీషియంతో కొంచెం తక్కువ, నోరు ఎండిపోతుంది. పెద్ద నగరాల్లోని న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లో ఇస్తారు, ఖర్చు బాగా ఎక్కువ. స్తోమత లేదని బాధపడాల్సిన పని లేదు, కీమోతో ఆయనకి కాలం తగ్గిపోదు. మూడోది, ఆ కుడి తుంటికి ఒక్కరోజు రేడియేషన్. నొప్పికి 8 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) ఒక్క డోసు, రోజూ తిరిగే పది రోజుల రేడియేషనంత బాగానే పనిచేస్తుంది. కీమోకి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఇది మాత్రం ఈ వారంలోనే అడగండి. నిద్రలేని మనిషిని ఏ నిర్ణయమూ అడగకూడదు.

నాన్నగారు సరేనంటే, "మూడు సైకిళ్ళు చూద్దాం" అని ఒప్పందం పెట్టుకోండి. పది సైకిళ్ళని మొదట్లోనే చెబితే ఎవరికైనా గుండె ఆగుతుంది. మూడు అయ్యాక నొప్పి, నడక, ఆకలి, పీఎస్ఏ, స్కాన్ అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. మొదటి రెండు మూడు నెలల్లో పీఎస్ఏ ఒక్కటే పెరిగితే మందు ఆపేయకూడదు, చచ్చే కణాల నుంచి బయటపడి కొన్నిసార్లు ముందు పెరిగి తర్వాత తగ్గుతుంది. అంతకంటే ముందు నమ్మాల్సింది తుంటి నొప్పిని. నొప్పి మాత్రలు తగ్గుతున్నాయంటే మందు పనిచేస్తోంది.

నూజివీడు దగ్గరి రైతు ఒకాయన గుర్తొస్తున్నారు. ఆయనకీ ఇదే మందు, ఇదే దశ. కూతురు దాచమంది, ఆయనే నన్ను అడిగేశారు, చెప్పాను. కాసేపు కిటికీలోంచి చూసి, "చిన్నరసాలు దిగేదాకా తోటలో తిరగగలనా?" అన్నారు. వైశాఖంలో కాపు దింపే రోజులకి కౌంట్లు పడిపోకుండా ఉండేలా లెక్క వేసి, సైకిల్ తేదీలు ఒక వారం జరిపాం. నాలుగు సైకిళ్ళకి నొప్పి తగ్గింది, కర్ర పట్టుకుని తోటలో తిరిగారు. ఒక సంచీడు కాయలు గడ్డిలో పెట్టి ఆయనే మోసుకొచ్చారు, బల్ల మీద పెట్టి "వీటిని ఫ్రిజ్‌లో పెట్టకండి" అని నర్సులకి చెప్పి వెళ్ళారు. ఐదో సైకిల్‌కి విరేచనాలు పట్టుకుని పది రోజులు మంచాన పడ్డారు. కోలుకున్నాక "ఇక చాలు సార్" అన్నారు. ఆపేశాం. ఆ తర్వాత ఏడు నెలలు ఉన్నారు, చివరి దాకా ఇంట్లోనే. కూతురు తర్వాత నన్ను చూడటానికి వచ్చినప్పుడు, చెప్పనందుకు కాదు, చెప్పినందుకు కృతజ్ఞత చెప్పింది. ఆ ఏడు నెలల్లో తోట ఎవరు చూడాలో, అప్పు ఎవరికి ఎంత ఉందో, తన తర్వాత భార్య ఎవరి దగ్గర ఉండాలో ఆయనే తేల్చి వెళ్ళారట.

చేయించకపోతే ఏమవుతుందని అడిగారు. జబ్బు తన వేగంలో పెరుగుతుంది, నీరసం, రక్తహీనత, కొత్త చోట్ల నొప్పి వస్తాయి. కానీ కీమో లేదంటే వైద్యం లేదని కాదు. నొప్పికి రేడియేషన్, మార్ఫిన్, రక్తం ఎక్కించడం, ఎముకల ఇంజక్షను ఇవన్నీ నడుస్తూనే ఉంటాయి. మార్ఫిన్ అనగానే భయపడతారు, మత్తుకి అలవాటు పడతారనీ, చావు దగ్గరికొచ్చిందనీ. డాక్టరు చెప్పిన డోసులో నొప్పికి వాడినవాళ్ళు వ్యసనపరులు కావడం చాలా అరుదు. మలబద్ధకం మాత్రం తప్పకుండా వస్తుంది, దానికి మందు మొదటి రోజు నుంచే వాడాలి. 2014లో చట్టం మార్చాక మార్ఫిన్ దొరకడం కొంత తేలికైంది. హైదరాబాద్ ఎమ్మెన్జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణ విభాగం ఉంది. విశాఖ వైపు వాళ్ళైతే అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో అడగొచ్చు. పాలియేటివ్ కేర్ వాళ్ళని, అంటే నొప్పీ బాధా తగ్గించే వైద్యం చేసేవాళ్ళని, కీమోతో పాటు ఇప్పుడే కలవండి. చివరికి కలుద్దామని ఆపితే అప్పటిదాకా అనవసరంగా నొప్పి పడతారు.

డబ్బు గురించి మీరు రాయడానికి మొహమాటపడ్డారు. కెబాజిటాక్సెల్ మన దేశంలో తయారైనవి ఇప్పుడు దొరుకుతున్నాయి, విదేశీ బ్రాండుకంటే బాగా తక్కువ. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. మీరు వెళ్ళే ఆసుపత్రిలో ఆ పథకం డెస్కు దగ్గర ఈ మందు, కౌంట్లు పెంచే ఇంజక్షను రెండూ కవర్ అవుతాయా, ఏవి మీరు కొనాలి అని సైకిల్ మొదలవకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇంజక్షను డబ్బులు మిగుల్చుకుందామని ఎవరూ దాన్ని మానెయ్యకండి, ఒక్క ఐసీయూ రాత్రికి అంతకంటే ఎన్నో రెట్లు అవుతుంది.

నేను నాన్నగారిని చూడలేదు. ఆయన రోజులో ఎంతసేపు మంచం మీద ఉంటున్నారు, కిడ్నీలు, లివరు ఎలా ఉన్నాయి, బరువు ఎంత తగ్గారు అన్నవి చూసి మీ డాక్టరుగారే తుది మాట చెప్పాలి. సగం రోజుకి పైగా మంచానికే అంటుకుని ఉంటే నేనైతే ఈ కీమో ఇవ్వను. పొద్దున్న లేచి పేపరు చదివి వీధి చివరిదాకా నడుస్తున్నారని మీరు రాశారు కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

వచ్చే గురువారం మీ అపాయింట్‌మెంట్ అన్నారు. ఆ లోపు ఒక సాయంత్రం అమ్మగారిని కూడా కూర్చోబెట్టుకుని నాన్నగారితో మాట్లాడండి, తమ్ముణ్ణి వీడియో కాల్‌లో ఉంచండి. గురువారం డాక్టరుగారి గదిలోకి మీరు ముందుగా ఒక్కరే వెళ్ళకండి, నాన్నగారిని వెంటబెట్టుకునే వెళ్ళండి. ఆయన అడగాలనుకున్న ప్రశ్నలు ఆయన చేతే ఒక కాగితం మీద రాయించండి, లెక్కల మాస్టారు కదా, నంబర్లు వేసే రాస్తారు.